వాళ్ళ మనిషి పోతే

పోలీసు సీరియళ్ళు చూసే అలవాటు నాకు లేదు. ముప్ఫయ్యేళ్ళుగా స్టేషన్ల ముందు బెంచీల మీద కూర్చున్నదాన్ని, ఇంటికొచ్చి మళ్ళీ ఆ ముఖాలే చూడాలా అనుకుంటాను. కానీ అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రంలో ఉండే మా చెల్లెలి దగ్గరికి వెళ్ళినప్పుడు తను పట్టుబట్టి ఒక పాత సీరియల్ పెట్టింది. "మన దగ్గర వచ్చేలాంటిది కాదక్కా. తుపాకులు పేల్చడాలూ, కార్ల పరుగులూ పెద్దగా ఉండవు. ఈ ఒక్క ఎపిసోడ్ చూడు, నువ్వే ఏడుస్తావు" అంది. చూశాను. ఏడ్చాను కూడా. ఆ రాత్రి పడుకున్నాక ఏడ్చినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. ఎందుకు వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ సీరియల్ పేరు 'హోమిసైడ్: లైఫ్ ఆన్ ద స్ట్రీట్'. బాల్టిమోర్ నగరంలో హత్యకేసులు చూసే పోలీసు విభాగం కథ. 1993 నుంచి 1999 దాకా ఎన్బీసీ ఛానల్లో వచ్చింది. 2024 ఆగస్టులో పీకాక్‌లో పెట్టాక కొత్తవాళ్ళు కూడా చూస్తున్నారు. డేవిడ్ సైమన్ అనే విలేకరి 1988లో ఏడాదంతా ఆ విభాగంలోనే తిరిగి, చూసిందంతా 1991లో పుస్తకంగా వేశాడు. దీనికి మూలం ఆ పుస్తకమే. అందుకే ఇందులో పోలీసులు దేవుళ్ళలా ఉండరు. అలసిపోయి, చిరాకుపడుతూ, ఒకళ్ళనొకళ్ళు దెప్పుకుంటూ ఉంటారు. గోడకి పెద్ద తెల్లబోర్డు. తేలని కేసుల్లో చనిపోయినవాళ్ళ పేర్లు ఎర్రరంగులో, తేలినవి నల్లరంగులో రాస్తారు. ఎర్రని నలుపు చెయ్యడమే వాళ్ళ ఉద్యోగం.

నేను చూసిన ఎపిసోడ్ పేరు 'క్రొసెట్టి'. 1994 డిసెంబరు 2న ప్రసారమైంది. స్టీవ్ క్రొసెట్టి అనే డిటెక్టివ్ సెలవు పెట్టి ఊరెళ్ళి, రావలసిన రోజుకి రాలేదు. అతనితో జంటగా పనిచేసే మెల్డ్రిక్ లూయిస్ మొదట విసుక్కుంటాడు. ఈలోగా రేవు నీళ్ళలోంచి ఒక శవం బయటికి తీస్తారు. అది క్రొసెట్టి. కేసు బొలాండర్ అనే పెద్దాయన చేతికి వస్తుంది. ఆత్మహత్యలా కనబడుతోంది. లూయిస్ ఒప్పుకోడు. తన స్నేహితుడు ప్రాణం తీసుకునే మనిషి కాదంటాడు. ఎవరో చంపారంటాడు. బొలాండర్ విచారణకి అడుగడుగునా అడ్డం పడతాడు. చివరికి ప్రయోగశాల నివేదిక వస్తుంది. ఒంట్లో మద్యం, మందులు. ఇక లూయిస్‌కి పట్టుకోవడానికేమీ మిగలదు, కూలిపోతాడు.

ఆత్మహత్య చేసుకున్నవాడికి గౌరవవందనం ఇవ్వబోమంటారు పైఅధికారులు. పెంబుల్టన్ అనే ఇంకో డిటెక్టివ్ ప్రార్థనకి చర్చిలోకి రాడు. అతనికి దేవుడితో తగాదా ఉంది. తోటివాళ్ళు అతన్ని తప్పుపడతారు. కానీ శవయాత్ర స్టేషన్ ముందునుంచి వెళ్ళేటప్పుడు చూస్తే, మెట్ల మీద పూర్తి యూనిఫాంలో ఒక్కడే నిలబడి సెల్యూట్ చేస్తూ ఉంటాడు. ప్రభుత్వం ఇవ్వనన్న గౌరవం ఒక్కడే ఇస్తాడు. నాకు కళ్ళనీళ్ళు వచ్చింది అక్కడే. ఆ పాత్ర వేసిన ఆండ్రే బ్రావర్ 2023 డిసెంబరులో చనిపోయాడు. అంత గొప్ప నటుణ్ణి చూడడం ఆలస్యమైందే అని బాధపడ్డాను. ఇంతవరకూ నాకు ఎవరితోనూ పేచీ లేదు.

పేచీ లూయిస్ దగ్గర మొదలైంది. అతని దగ్గరున్న సాక్ష్యం ఏమిటి? ఏమీ లేదు. ఆ మనిషిని ఎరుగుదును, అంతే. రోజూ ఒకే కారులో తిరిగారు. లింకన్‌ని చంపిన కుట్ర గురించి క్రొసెట్టి చెప్పే కబుర్లు విని విని విసిగిపోయాడు. నాకు తెలిసినవాడు ఇలా చెయ్యడు, చేస్తే నాకు తెలిసి ఉండేది అంటాడు. విభాగమంతా ఆ మాటకి విలువ ఇస్తుంది. మొదటిరోజే 'ఆత్మహత్య' అని రాసి ఫైలు కట్టెయ్యరు. అనుభవం ఉన్న మనిషికి కేసు అప్పగిస్తారు. తెలిసినవాళ్ళని అడుగుతారు. నివేదిక వచ్చేదాకా ఆగుతారు. ఆగనివాణ్ణి కోప్పడతారు. చావు ఎలా జరిగిందో తేల్చే పని ఎలా ఉండాలో అలా ఉంది.

అది చూస్తుంటే నాకు ఒక బావి గుర్తొచ్చింది.

1996లో మాట. పేర్లూ ఊరూ అనవసరం. ఇరవై రెండేళ్ళ పిల్ల, పెళ్ళయి మూడేళ్ళు. అత్తవారి పొలంలో బావిలో శవమై తేలింది. వాళ్ళమ్మ కబురు పంపితే మేం ఇద్దరం వెళ్ళాం. ఆ తల్లికి చదువు రాదు. ఒకే మాట పట్టుకుంది: "మా పిల్లకి ఈతొచ్చు సారూ. చెరువు గట్టునే పెరిగింది. దాన్ని నీళ్ళెట్టా చంపుతాయి సారూ?" ఇన్‌స్పెక్టరుకి చెప్పింది, రైటరుకి చెప్పింది, చివరికి టీ తెచ్చిన కుర్రాడికి కూడా చెప్పింది. రైటరు తలెత్తకుండా రాసుకుపోతున్నాడు. ఆయన రాసిన వాక్యం ఈ పత్రిక చదివేవాళ్ళలో సగంమందికి కంఠతా వచ్చు: "కడుపునొప్పి భరించలేక జీవితంపై విరక్తి చెంది." పిల్లకి కడుపునొప్పి ఉందని చెప్పింది ఎవరు? మామగారు. ఏ డాక్టరుకి చూపించారు? ఎవరికీ లేదు. మందులచీటీ ఉందా? లేదు. ఒక్క కాగితం లేని జబ్బు ప్రభుత్వ కాగితంలో చావుకి కారణమైపోయింది.

చట్టం అప్పటికే మారి ఉంది. పెళ్ళయిన ఏడేళ్ళలోపు ఆడమనిషి ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా శవపరీక్ష చేయించాలని, మెజిస్ట్రేటు అధికారం ఉన్నవారే విచారణ జరపాలని 1983లోనే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174, 176 సెక్షన్లలో చేర్చారు. ఎన్ని ధర్నాలు చేస్తే, ఎంతమంది ఆడపిల్లలు కిరోసిన్‌లో కాలిపోతే ఆ సవరణ వచ్చిందో మనకి తెలుసు. మా కేసులోనూ ఎమ్మార్వో వచ్చారు. అత్తవారి అరుగు మీద కుర్చీ వేయించుకుని మజ్జిగ తాగారు. పంచాయతీదారులుగా సంతకాలు పెట్టిన ముగ్గురూ ఆ వీధివాళ్ళే. తల్లి వాంగ్మూలం ఐదు వరుసలు. ఈత సంగతి అందులో లేదు.

లూయిస్ అన్నదీ ఆ తల్లి అన్నదీ ఒకటే మాట. నా మనిషిని నేనెరుగుదును. తూకం వేస్తే తల్లి మాటే బరువు. ఆమె దగ్గర ఈత అనే ఒక నిజం ఉంది, లూయిస్ దగ్గర నమ్మకం తప్ప ఏమీ లేదు. అయినా లూయిస్ అనుమానం మనకి స్నేహంగా కనబడుతుంది. కెమెరా అతని ముఖం దగ్గరికి వెళ్ళి ఆగుతుంది. ఆ తల్లి అనుమానాన్ని ఏమన్నారో తెలుసా? "ఇచ్చిన సామాను వెనక్కి తెచ్చుకోవడానికమ్మా ఇదంతా" అన్నారు. అన్నది చెడ్డవాడు కూడా కాదు, మాకు కుర్చీలు వేయించిన హెడ్ కానిస్టేబులే. ఏదో సలహా ఇస్తున్నట్టు మెల్లగా అన్నాడు.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. కథలో లూయిస్ పొరపాటు పడ్డాడు. క్రొసెట్టి నిజంగానే ప్రాణం తీసుకున్నాడు. ఆ ఎపిసోడ్‌లో నాకు బాగా నచ్చిన నిజాయితీ అదే. ఆ తల్లి కూడా పొరబడి ఉండొచ్చు. ఈతొచ్చినవాళ్ళు కూడా బతకాలని లేకపోతే మునిగిపోతారు, అది నాకూ తెలుసు. ప్రతి ఆత్మహత్యా హత్యేనని మనం ఎప్పుడూ అనలేదు, మన మీద వేసిన నింద అది. కానీ లూయిస్ పొరబడ్డాడని ఎలా తేలింది? విచారణ జరిగింది కాబట్టి. బొలాండర్ అనేవాడు తిరిగాడు కాబట్టి. ఆ తల్లి పొరబడిందో లేదో ఈరోజుకీ తెలియదు. ఆమె పోయి కూడా పదేళ్ళు దాటింది. ఇంకో సంగతి. వరకట్న మరణానికి సంబంధించి 1986లో వచ్చిన 304బి సెక్షన్ కింద చావు హత్యే కానక్కర్లేదు. కట్నం కోసం పెట్టిన హింస వల్ల ఆ పిల్ల తనంతట తాను దూకినా అది నేరమే. అంటే 'ఆత్మహత్య' అని తేలిన చోట కేసు మొదలవ్వాలి. మన స్టేషన్లలో ఆ మాటతో కేసు ముగుస్తుంది. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చి 174 కాస్తా 194 అయింది, 304బి కాస్తా 80 అయింది. రైటర్లు కొత్త నెంబర్లు నేర్చుకున్నారు.

జాతీయ నేరగణాంకాల సంస్థ ఏటా ఆత్మహత్యల లెక్క వేస్తుంది. అందులో 'గృహిణి' అని ఒక వరుస ఉంటుంది. 2020లో ఆ వరుసలో 22,372 మంది ఉన్నారు. రోజుకి 61 మంది. కారణాల పట్టికలో 'కుటుంబ సమస్యలు', 'జబ్బు' అని ఉంటాయి. ఆ జబ్బు గడిలో ఎన్ని కడుపునొప్పులు పడి ఉన్నాయో లెక్కపెట్టే దిక్కు లేదు.

మా చెల్లెలితో ఈ మాటంటే, "అక్కడి పోలీసులు నయం కదక్కా" అంది. నయమో కాదో చూద్దాం. ఊరు అదే, బాల్టిమోరే. ఆ నగర పోలీసులు అత్యాచారం ఫిర్యాదుల్లో 30 శాతానికి పైగా 'ఆధారం లేనివి' అని కొట్టేస్తున్నారని 2010లో బాల్టిమోర్ సన్ పత్రిక బయటపెట్టింది. దేశం మొత్తం సగటుకి అది ఐదు రెట్లు. పోలీసుల అదుపులో గాయపడి ఫ్రెడ్డీ గ్రే అనే నల్లజాతి యువకుడు 2015లో చనిపోయాక కేంద్ర న్యాయశాఖ ఆ పోలీసు శాఖ మొత్తాన్ని తవ్వింది. 2016 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో నల్లవాళ్ళ మీద జరిగిన అన్యాయాలతోపాటు ఇంకో భాగం ఉంది. లైంగికదాడి ఫిర్యాదులని సరిగ్గా విచారించలేదని, ఫిర్యాదు చేసిన ఆడవాళ్ళనే నేరస్థుల్లా ప్రశ్నించారని, అందులో ఆడవాళ్ళంటే చిన్నచూపు కనబడుతోందని రాశారు. ఆడదాన్ని నమ్మకపోవడానికి భాష అడ్డం రాదు, సముద్రాలూ అడ్డం రావు. వాళ్ళకి అనుమానించడం చేతకాక కాదు, ఎవరి మాట మీద అనుమానం పడాలో ముందే నిర్ణయమైపోయి ఉంది.

అందుకే లూయిస్ విచారణకి అడ్డం పడడాన్ని 'ప్రేమ' అని చూపించడం నాకు మింగుడుపడలేదు. తనవాడి పరువు కోసం ఒక పోలీసు కేసుని వంచబోతున్నాడు. చూసేవాళ్ళం జాలిపడుతున్నాం. అదే చెయ్యి, తనవాడు లాకప్‌లో ఎవరినో కొట్టి చంపినప్పుడు ఏం చేస్తుంది? తనవాడు పెళ్ళాన్ని కొట్టినప్పుడు ఏం చేస్తుంది? పోలీసు భార్య 498ఏ కేసు పెట్టడానికి వస్తే మనం పడ్డ పాట్లు చెబితే ఇంకో వ్యాసమవుతుంది. మనవాడు అన్న మమకారం శోకంలో అందంగానే ఉంటుంది. దాని రెండో ముఖం బెంచీల మీద కూర్చున్నవాళ్ళకి తెలుసు.

ఇంతకీ ఈ సీరియల్లో ఆడవాళ్ళు ఎక్కడున్నారు? చెల్లెలి ఇంట్లో మిగతావి కూడా కొన్ని చూశాను. మొదటి ఎపిసోడ్‌లోనే క్రొసెట్టి, లూయిస్ తిరిగే కేసులో ఆడది ఇన్సూరెన్స్ డబ్బు కోసం భర్తల్ని చంపే ఆడది. మొదటి ఏడాది అంతా వెంటాడేది పదకొండేళ్ళ ఎడీనా వాట్సన్ హత్య. ఆ కేసు తేలదు. పేరు ఎర్రరంగులోనే ఉండిపోతుంది. సైమన్ పుస్తకంలోని ఒక నిజమైన కేసు దానికి మూలం, అదీ తేలలేదు. ఆ ఎపిసోడ్లు గొప్పగా ఉన్నాయి, కాదనను. కానీ ఆ పిల్ల చావు చివరికి ఎవరి కథ అయింది? కేసు తేల్చలేక కుమిలిపోయే కొత్త డిటెక్టివ్ కథ. మూడో ఏడాది మొదట్లో సేవ చేసే ఒక ఆవిణ్ణి చంపి, చేతులకి తెల్ల గ్లోవ్స్ మాత్రం ఉంచి పారేస్తారు. పెంబుల్టన్‌కి దేవుడి మీద కోపం అక్కడే ముదురుతుంది. అదీ అతని కథే అయింది. ఆడవాళ్ళ శవాలు మగవాళ్ళ మనసుల్లోకి తలుపులు. మగ డిటెక్టివ్ శవం దగ్గరికి వచ్చేసరికి మాత్రం శవం పేరే ఎపిసోడ్ పేరు.

కే హవర్డ్ అని ఒక డిటెక్టివ్ ఉంది, ఆమెని మాత్రం చెప్పకుండా ఉండలేను. మొదట్లో ఆ విభాగంలో ఆమె ఒక్కతే ఆడమనిషి. సోకులూ సింగారాలూ లేకుండా చుట్టూ ఉన్న మగవాళ్ళలాగే పనికొచ్చే బట్టల్లో వస్తుంది. చేపట్టిన ప్రతి కేసూ తేల్చిందని పేరు. మెలిసా లియో వేసింది. 1993లో టీవీలో అలాంటి ఆడమనిషిని పెట్టడం చిన్న విషయం కాదు. ఇంకొకామె, తలలో తూటా దిగి చూపు పోయిన కానిస్టేబుల్ భార్య. అతను క్రొసెట్టి స్నేహితుడు. ఆమె కడుపుతో ఉంటుంది. ఆసుపత్రిలో ఆమె భయం, ఇక ఈ మనిషిని జీవితాంతం చూసుకోవలసింది నేనే కదా అన్న ఆలోచన ముఖంలో కనబడుతూ ఉంటుంది. ఎడీ ఫాల్కో అనే నటి, అప్పటికి పెద్ద పేరు లేదు. ఆ కాసేపూ కథ సరైన చోట నిలబడినట్టు అనిపించింది. క్రొసెట్టికి కూడా విడాకులైన భార్య ఉంది, కూతురు ఉంది. ఆయన పోయాక వాళ్ళు ఏం తిన్నారు, పింఛను ఎవరికి వచ్చింది? ఆ గంటలో కథ మనసు పెట్టింది స్టేషన్‌లోని మగవాళ్ళ దుఃఖం మీదే.

గౌరవవందనం సంగతి కూడా అంతే. సెల్యూట్ చూసి ఏడ్చాం గానీ, 'ఆత్మహత్య' అన్న మాట పడితే ఆగిపోయేది సెల్యూట్ ఒక్కటే కాదు. డబ్బు ఆగిపోతుంది. విధి నిర్వహణలో చనిపోయినవాడి భార్యకి వచ్చేది, ప్రాణం తీసుకున్నవాడి భార్యకి రాదు. ఆ ఉద్యోగమే మనిషిని పిండి చంపినా సరే. 2017లో అమెరికాలో విధినిర్వహణలో చనిపోయిన పోలీసులు 129 మంది అయితే ప్రాణాలు తీసుకున్నవాళ్ళు కనీసం 140 మంది. దీన్ని మార్చింది మెట్ల మీద నిలబడ్డ ఏ మగాడి సెల్యూటూ కాదు. 2021 జనవరి 6న వాషింగ్టన్‌లో పార్లమెంటు భవనం మీద గుంపు దాడి చేశాక, అక్కడ కాపలా కాసిన పోలీసుల్లో కొందరు రోజుల తేడాలో ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ళ భార్యలు ఊరుకోలేదు. మా ఆయన్ని చంపింది ఆరోజు డ్యూటీయే అని కాగితాలు పట్టుకుని తిరిగారు. జెఫ్రీ స్మిత్ అనే అతని మరణాన్ని 2022 మార్చిలో విధినిర్వహణ మరణంగా ఒప్పుకున్నారు. అదే ఏడాది ఆగస్టులో, డ్యూటీలో తగిలిన దెబ్బవల్ల మనసు చెదిరి ప్రాణం తీసుకున్నవాళ్ళ కుటుంబాలకి కూడా కేంద్రం సహాయం ఇచ్చేలా చట్టం వచ్చింది. ఆడవాళ్ళు సాధించారు. ఈ కథ ఏ సీరియల్లో వచ్చిందో నేనైతే ఎరగను.

బాల్టిమోర్‌లోనే ఇంకో నిజం కథ ఉంది, 'క్రొసెట్టి' ఎపిసోడ్‌ని తిరగేసినట్టు ఉంటుంది. 2017 నవంబరు 15న షాన్ సూటర్ అనే హత్యకేసుల డిటెక్టివ్ తలకి తూటా తగిలి ఒక ఖాళీ స్థలంలో పడి ఉన్నాడు, మర్నాడు చనిపోయాడు. అవినీతి పోలీసుల కేసులో గ్రాండ్ జ్యూరీ ముందు సాక్ష్యం చెప్పవలసినది ఒక్కరోజులో ఉంది. అందరూ హత్య అన్నారు, ఘనంగా గౌరవవందనంతో సాగనంపారు. హంతకుడి కోసమని హార్లెం పార్క్ అనే ఆ నల్లవాళ్ళ పేటని రోజుల తరబడి దిగ్బంధం చేశారు. తమ ఇంటికి తాము వెళ్ళాలంటే గుర్తింపుకార్డు చూపించాలి. మన దగ్గర కార్డన్ సెర్చ్ అంటారే, అది ఎరిగినవాళ్ళకి వివరించక్కర్లేదు. తీరా 2018 ఆగస్టులో స్వతంత్ర సమీక్షా సంఘం అది ఆత్మహత్య అంది. వైద్య పరీక్షాధికారి మాత్రం హత్య అన్న తన మాట మార్చుకోలేదు. భార్య ఒప్పుకోలేదు, పోరాడింది. సోన్యా సోన్ అనే నటి 2021లో దీని మీద 'ద స్లో హజిల్' అనే డాక్యుమెంటరీ తీసింది. ఎవరు చెప్పింది నిజమో తేల్చడం నా పని కాదు. నేను గమనించింది ఒకటే. అక్కడ కూడా అనుమానాన్ని చివరిదాకా మోసినది ఇంట్లో ఆడమనిషే. ఆ పేట ఆడవాళ్ళు అన్ని రోజులు పాలపాకెట్ కోసం బయటికి ఎలా వెళ్ళారో, పిల్లల్ని బడికి ఎలా తీసుకెళ్ళారో ఎవరడిగారు?

మన దగ్గర పోలీసు భార్యలు భర్తలు పోయేదాకా ఆగలేదు. 2024 అక్టోబరులో తెలంగాణ స్పెషల్ పోలీసు కానిస్టేబుళ్ళ భార్యలు పిల్లల్ని ఎత్తుకుని రోడ్డెక్కారు. నెలల తరబడి మా మనుషులు ఇంటికి రావడం లేదు, రాష్ట్రమంతా ఒకే పోలీసు విధానం పెట్టండి అన్నారు. ప్రభుత్వం ఏం చేసింది? 39 మందిని సస్పెండ్ చేసింది, 10 మందిని ఉద్యోగాల్లోంచి తీసేసింది. మన సంఘాల్లో ఎన్ని వాళ్ళ పక్కన నిలబడ్డాయి? మేమూ ఒక ప్రకటన ఇచ్చి ఊరుకున్నాం. లాఠీ పట్టినవాడి పెళ్ళాం కదా అన్న జంకు మనలోనూ ఉంది. రేపు వాళ్ళలో ఒకామె భర్త తాడుకి వేలాడితే ఆమె భర్త గురించి కూడా 'కుటుంబ కలహాలు' అనే రాస్తారు. ఆడదాని చావుకి కడుపునొప్పి, మగవాడి చావుకి పెళ్ళాంతో గొడవ. రాసే చెయ్యి ఒకటే.

మొన్న మా మీటింగులో ఇదంతా చెబితే ఒక చిన్న అమ్మాయి, మొన్నమొన్ననే ఎన్జీవోలో చేరింది, కాస్త నొచ్చుకుంది. "మేడమ్, పోలీసులూ మనుషులే అని చూపించడం మంచిదే కదా? అన్నిట్లోనూ తప్పులు వెతికితే ఎట్లా?" అంది. మంచి ప్రశ్నే. పోలీసులు మనుషులే, సందేహం లేదు. నేను ఏడ్చింది నిజం, ఆ కన్నీళ్ళు వెనక్కి తీసుకోను. నా బాధ వేరే. తోటివాడు పోతే వీళ్ళ కాళ్ళకింద భూమి కదులుతుంది, నమ్మలేరు, కారణం వెతుకుతారు, కాగితం మీద ఒక్క మాట రాయడానికి చెయ్యి వణుకుతుంది. ఇవన్నీ వాళ్ళకి వచ్చు. ఎవరూ నేర్పక్కర్లేదు. మనం పదిహేనేళ్ళుగా పోలీసు ట్రైనింగ్ కాలేజీలకి వెళ్ళి, చార్టులు అతికించి 'జెండర్ సున్నితత్వం' పాఠాలు చెబుతున్నాం. రానివాళ్ళకి నేర్పుతున్నామనుకున్నాం. వచ్చినదాన్ని ఎవరికి వాడాలో వాళ్ళు ఎంచుకుంటున్నారు.

ఈసారి పిలిస్తే చార్టులు తీసుకెళ్ళకూడదనుకుంటున్నాను. ఈ ఎపిసోడ్ తెలుగు మాటలు రాసి వేసి చూపిస్తాను. ట్రైనింగ్‌లో ఉన్న ఎస్సైలు ఏడుస్తారు, నాకు నమ్మకం ఉంది. దీపాలు వేశాక ఒక్కొక్కరి చేతిలో ఒక పంచనామా కాగితం పెడతాను. పేర్లు కొట్టేసి ఉంటాయి. వయసు, పెళ్ళయిన ఏళ్ళు, చావుకి కారణం ఉంటాయి. కారణం దగ్గర రాసినదానికి ఆధారం ఏ పేజీలో ఉందో వెతకమంటాను. అరగంట టైమిస్తాను.

నా దగ్గర ఉన్నవి పదకొండు. ఒక తరగతిలో నలభైమంది ఉంటారు. మీ మీ జిల్లాల్లో ఫైళ్ళలో, ట్రంకుపెట్టెల్లో కడుపునొప్పి అని రాసిన పంచనామా నకళ్ళు ఉంటే, ఆ కుటుంబం ఒప్పుకుంటేనే, పేర్లు కనబడకుండా మసి పూసి పత్రిక కార్యాలయానికి పంపండి. 1996 నాటి ఆ బావి కాగితం పైన పెడతాను.